కోరంటి దవాఖానా

నా ఎడమ చేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండున్నవి. కిందటేడు ఒకనాడు ప్రబంధ పాఠం చెబుతూ ఉక్కకు తాళలేక చొక్కా చేతులు పైకి మడిచాను. ముందు బల్ల మీద కూర్చున్న విద్యార్థిని ఒకతె, "కాలిందా సార్?" అని జాలిగా అడిగింది. కాలలేదమ్మా, మశూచి టీకాలు వేసిన గుర్తులు అన్నాను. ఆమె ముఖంలో ఏ భావమూ కలగలేదు. తరగతి మొత్తంలో మశూచి అన్న మాట విన్నవారు నలుగురైనా లేరని తేలింది. వారి భుజాల మీద ఉన్నవి క్షయ రాకుండా పుట్టినప్పుడు వేసిన సూది మచ్చలు. మశూచికి టీకాలు వేయటం మన దేశంలో 1970 దశాబ్ది చివరనే ఆగిపోయింది. కనుక చేతి మీద ఈ గుర్తుతో తిరుగుతున్న చివరి తరం మాదే. ఒక మాట వాడుకలో నుంచి జారిపోతే భాషోపాధ్యాయుడు విచారించటం ధర్మం. ఈ ఒక్క మాట విషయంలో మాత్రం నేను లోలోపల సంతోషించాను.

సంతోషించటానికి కారణం మా బాపమ్మ. 1981లో జనాభా లెక్కలవారు భైంసాలోని మా ఇంటికి వచ్చిన నాటికి నాకు పదకొండేళ్ళు. లెక్కలు రాసుకునే ఉపాధ్యాయుడు అరుగు మీద కూర్చుని, పిల్లలెందరమ్మా అని ఆమెను అడిగాడు. ఏడుగురు అన్నది. నేను ఆశ్చర్యపోయాను. మా బాపు, చిన్నాయన, మేనత్త - నాకు తెలిసినవారు ముగ్గురే. ఉపాధ్యాయుడు కూడ అనుమానించి, "ఉన్నోళ్ళు ఎందరు?" అన్నాడు. "ఉన్నోళ్ళు ముగ్గురు. నువ్వు పిల్లలెందరని అడిగినవు గద, బిడ్డా" అన్నది ఆమె. ఒకరిని 'తల్లి' తీసుకుపోయింది. ఇద్దరు ఒకే వారంలో తట్టుతో పోయారు. ఒక పిల్ల గొంతు పూడి పోయింది. ఆ నలుగురి పేర్లు ఆనాడే మొదటిసారి విన్నాను. ఇరవయ్యవ శతాబ్ది మొదటి రెండు దశాబ్దులలో మన దేశాన పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో ఏడాది నిండకుండానే రెండు వందలకు పైగా పోయేవారని చరిత్ర పుస్తకాలు చెబుతున్నవి. ఏడాది దాటినవారిని తట్టు, మశూచి, కంఠసర్పి, కోరింత దగ్గు కాచుకుని ఉండేవి. మా బాపమ్మ కష్టం అపూర్వమైనది కాదు. వాడకట్టులోని ఏ ముసలమ్మను అడిగినా ఇటువంటి లెక్కే చెప్పేది.

రోగాలకు మనవారు పెట్టుకున్న పేర్లను కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. మశూచి, స్ఫోటకము అన్నవి పుస్తకాల మాటలు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనేవారు కారు. 'తల్లి వచ్చింది', 'అమ్మవారు పోసింది' అనేవారు. చిన్నదైతే ఆటలమ్మ. "పేరు తియ్యొద్దు బిడ్డా, తల్లి ఇంట్ల ఉన్నది" అని బాపమ్మ కసరటం నాకు జ్ఞాపకం. కలరాకు తెలంగాణంలో గత్తర అని పేరు. రోగం పోయినా మాట మిగిలి, ఇప్పుడు ఎక్కడ గందరగోళం జరిగినా గత్తర అయిందంటున్నాం. గొంతులో బూడిద రంగు పొర కమ్మి ఊపిరి ఆడనీయని జబ్బును పండితులు కంఠసర్పి అన్నారు. పల్లెలో గొంతు పూడింది అన్నారు.

తల్లి వచ్చిన ఇంటికి కట్టుబాట్లుండేవి. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూసి బయటివారు లోపలికి అడుగు పెట్టరు, లోపలివారు పొరుగిళ్ళకు పోరు. పోపు పెట్టరు, మాంసం వండరు. బిడ్డకు వేపాకు పడక, పెరుగన్నం, తల్లి ఒడి. పొక్కులు మాడిన తరువాత పసుపు, వేపాకు వేసిన నీళ్ళు పోసి, అప్పటికి గాని గడప దాటనిచ్చేవారు కారు. నేటి వైద్యులు రోగిని వేరుగా ఉంచటమని దేనిని అంటున్నారో అందులో సగం ఈ ఆచారంలో ఉన్నది. సగమే అని ఎందుకంటున్నానంటే, అదే ఇంట్లో మిగిలిన పిల్లలు అదే చాప మీద పడుకునేవారు. అమ్మవారికి మొక్కు తీర్చటానికి ఊరంతా ఒకచోట చేరేది. ఆచారాన్ని ఆకాశానికెత్తేవారు బాపమ్మ చెప్పిన లెక్కను ఒకసారి తలుచుకోవాలి. ఎగతాళి చేసేవారు మరొక సంగతి గమనించాలి. ఆ కట్టడిలో రోగితో పాటు తల్లి లోపలే ఉన్నది.

ఇంటి కట్టడి ఇట్లా ఉండగా, సర్కారు కట్టడి మరొక దారిన వచ్చింది. ఆనాడు భైంసా నిజాం రాజ్యంలో నాందేడు జిల్లా ముధోల్ తాలూకాలోది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాదు జిల్లాలో కలిసింది. 2016 నుంచి నిర్మల్ జిల్లాలో ఉన్నది. మన్మాడు నుంచి సికింద్రాబాదుకు పోయే రైలు మార్గం మా పక్కనే బాసర మీదుగా పోతుంది. ఆ మార్గం పడినప్పటి నుంచి బొంబాయి సరుకులతో పాటు బొంబాయి వార్తలు, బొంబాయి భయాలు రాజధానికంటె ముందు మాకు చేరేవి. 1896లో బొంబాయిలో ప్లేగు తలెత్తింది. మరుసటి ఏడు పూనాలో సోల్జర్లు ఇళ్ళలో జొరబడి, రోగులను, రోగులనుకున్నవారిని ఈడ్చుకుపోయి శిబిరాలలో పెట్టారు. వంట ఇళ్ళలోకి, దేవుని గదులలోకి బూట్లతో పోయారని జనం మండిపడ్డారు. 1897 జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండును చాపేకర్ సోదరులు కాల్చారు. రోగం కన్న రోగాన్ని అరికట్టే పద్ధతి ఎక్కువ భయపెట్టిన సందర్భమది. ఆ తరువాత ఆంగ్ల ప్రభుత్వం కూడ బలవంతాన్ని సడలించక తప్పలేదు.

హైదరాబాదు నగరానికి ఆ శతాబ్ది తొలి పాతిక సంవత్సరాలు గడ్డుకాలం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. 1911లో ప్లేగు వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1911 లెక్కలలో సుమారు 5 లక్షలున్న నగర జనాభా 1921 లెక్కలలో 4 లక్షల చిల్లరకు పడిపోయింది. చచ్చినవారు కొందరు, ప్లేగుకు వెరచి నగరం విడిచి పోయినవారు కొందరు. ఎలుక రాలితే ఇల్లు విడిచి ఊరి బయట గుడిసెలు వేసుకోవటం ఆనాటి దక్కనులో ఊరూరా ఉన్న రివాజు.

ఈ రోజులలోనే, 1915లో, అంటు రోగులను వేరుగా ఉంచి చికిత్స చేయటానికి హైదరాబాదులో ఒక క్వారంటైన్ ఆసుపత్రి ఏర్పడింది. 1923లో అది నల్లకుంటకు మారింది. అప్పుడు నగరానికి అది శివారు. ఇప్పుడు నగరం దాన్ని మింగి చాలా దూరం పోయింది. క్వారంటైన్ అన్న మాట జనం నోట నలిగి 'కోరంటి' అయింది. చదువుకున్నవారు ఫీవరాసుపత్రి అంటారు. బోర్డు మీద సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనిపెట్టిన వైద్యుడాయన. తనను కుట్టనిచ్చినందుకు హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున చెల్లించాడట! అయినా ఆటోవానికి ఆ పేరు చెబితే దిక్కులు చూస్తాడు. కోరంటి దవాఖానా అంటే తిన్నగా తీసుకుపోతాడు.

మా విద్యార్థులలో కొందరు కోరింత దగ్గుకు మందిచ్చే చోటు కనుక కోరంటి అయిందని వాదిస్తారు. ఊహ బాగున్నది గాని నిజం కాదు. ఇటాలియను భాషలో 'క్వరంత' అంటే నలభై. పూర్వం వెనిస్ రేవులో, ప్లేగు ఉన్న దేశాల నుంచి వచ్చిన ఓడలను నలభై రోజులు ఒడ్డు తాకనిచ్చేవారు కారు. ఆ నలభై రోజుల లెక్క సముద్రాలు దాటి, ఇంగ్లీషు నోటబడి, ఉర్దూ దవాఖానాతో జతకట్టి, నల్లకుంటలో తెలుగు మాటగా స్థిరపడింది. ఒక సమాసంలో రెండు ఖండాల చరిత్ర ఇమిడిన ఇటువంటి మాటలు మనకు ఎన్నో లేవు.

పిల్లలకు ప్లేగుకంటె మశూచి, తట్టు, కంఠసర్పి పెద్ద శత్రువులు. అయినా ప్రభుత్వాలను ఆ కాలాన కదిలించినది ప్లేగు. అది పెద్దవారిని చంపుతుంది, వ్యాపారం ఆపుతుంది, రేవులు మూయిస్తుంది. పిల్లలు చావటం మాత్రం ఎప్పుడూ ఉన్నదే అనుకునేవారు. ఈ మాట కఠినంగా ఉన్నదని నాకు తెలుసు. ఆనాటి ఖర్చు ఎటు పోయిందో చూసినవారికి వేరే మాట తోచదు.

'కోరంటి' అన్న మాట ఇళ్ళలో బెదిరింపుగా కూడ ఉండేది. జ్వరంతో అల్లరి చేసే పిల్లవానిని కోరంటికి పంపుతామంటే నోరు మూసేవాడట. వేరుగా ఉంచటమంటే తల్లి నుంచి వేరు చేయటమని అందరూ అర్థం చేసుకున్నారు. ఆ భయానికి మా ఇల్లే ఒక బలి ఇచ్చింది. బాపమ్మ నాలుగో సంతానం, ఆరేళ్ళ పిల్ల, గొంతు నొప్పితో పడుకున్నది. పట్నానికి తీసుకుపొమ్మని ఎవరో చెప్పారు. పట్నంలో పిల్లను లాక్కుంటారు, తల్లిని దగ్గరికి రానీయరు అని మరొకరు చెప్పారు. నాలుగు రోజులు అటా ఇటా అని తర్జనభర్జన పడి, అయిదో నాడు బండి కట్టి బాసర స్టేషనుకు బయలుదేరారు. రైలు రాకముందే స్టేషనులో పిల్ల పోయింది. అది 1940 దశాబ్ది మొదటి సంవత్సరాల మాట. కంఠసర్పి విషానికి విరుగుడు సీరం అప్పటికే అర్ధ శతాబ్దిగా లోకంలో ఉన్నది. బెర్లినులో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు 1890లో దాని సూత్రం ప్రకటించారు. 1901లో వైద్యానికి మొదటి నోబెల్ బహుమానం బేరింగుకు వచ్చినది అందుకే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని నెత్తురులో పుట్టిన విరుగుడును తీసి రోగికి ఎక్కిస్తారు. అయితే గుండెను, నరాలను విషం పట్టుకోకముందే ఎక్కించాలి. మొదటి రోజు ఇచ్చినదానికి, నాలుగో రోజు ఇచ్చినదానికి హస్తిమశకాంతరం. ఆ నాలుగు రోజులను మా ఇంటివారు భయపడటంలోనే ఖర్చు చేశారు. వారిని నిందించటానికి నాకు నోరు రాదు. ఎదురుగా ఉన్న వేపమండల కట్టడిలో తల్లి ఉన్నది. చెప్పుడు మాటలలో విన్న కోరంటిలో ఆమె లేదు.

టీకాల సంగతి వేరు. టీక అంటే తెలుగు విద్యార్థులకు ప్రతిపదార్థం. టీకాతాత్పర్యాలు రాయని వాడు పరీక్ష తప్పుతాడు. సూదిమందు టీకా హిందీ నుంచి వచ్చింది. నొసట పెట్టుకునే బొట్టును అక్కడ టీకా అంటారు. చర్మం మీద పెట్టిన గుర్తు కూడ టీకాయే అయింది. బెంగాలులో, ఒరిస్సాలో మశూచి రసికనే కొద్దిగా గీసి అంటించే టీకాదారులు పూర్వమే ఉండేవారు. 1796లో జెన్నరు ఆవు మశూచి రసితో అదే పని క్షేమంగా చేయవచ్చునని చూపాడు. ఆ మందు వియన్నా, కాన్‌స్టాంటినోపిల్, బాగ్దాదు దాటి బస్రా రేవు మీదుగా బొంబాయి చేరింది. మా బాసర కాదు, ఇరాకులోని బస్రా. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ళ పాపకు మన దేశంలో మొదటి టీకా వేశారు. ఆ పాప చేతి పొక్కు నుంచి తీసిన రసితో మరి కొందరికి వేసి, అక్కడి నుంచి పూనాకు, మద్రాసుకు, హైదరాబాదుకు పంపారు. అంటే ఈ దేశంలో మశూచి టీకా ఒక బిడ్డ చేతి నుంచి మరొక బిడ్డ చేతికి నడిచి వచ్చింది.

ఆ నడకే తరువాత చిక్కు తెచ్చింది. టీకా వేసిన బిడ్డను ఎనిమిదో నాడు మళ్ళీ తీసుకురమ్మనేవారు. పొక్కు చిదిమి ఇతరులకు అంటించటానికి. నొప్పితో ఏడ్చే బిడ్డను తల్లి ఎందుకు తెస్తుంది? ఎవరి బిడ్డ రసి ఎవరి బిడ్డకు అన్న కులపు పట్టింపు ఒకటి. ఒక్కొక్కప్పుడు ఇతర రోగాలు కూడ అంటేవి. 1880లో వచ్చిన టీకాల చట్టం కొన్ని పట్టణాలలో నిర్బంధం చేయటానికి వీలిచ్చింది గాని, చట్టంతో చేతులు చాపిన తల్లులు తక్కువ. పందొమ్మిదో శతాబ్ది చివర నుంచి దూడల చర్మం మీద రసి పెంచటం వ్యాపించి ఆ బాధ తప్పింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో బర్రె దూడలను వాడారు. మా ఊరి పేరులో బర్రె వినిపిస్తుందని బయటివారు హాస్యమాడుతుంటారు. ఈ సంగతి తెలిసిన తరువాత నాకు ఆ హాస్యం గౌరవంగా తోస్తున్నది.

మిగిలిన చిక్కు ఎండ. ద్రవరూపంలో ఉన్న రసి మన వేసవికి కొద్ది రోజులలో చచ్చిపోతుంది. అందుచేత చలికాలంలోనే టీకాలు వేసేవారు. మశూచి మాత్రం వసంతంలో విజృంభించేది. బెంగాలీలో దానికి వసంత రోగమనే పేరు. 1950 దశాబ్దిలో ఇంగ్లండులో కోలియర్ అనే శాస్త్రజ్ఞుడు మందును గడ్డకట్టించి తేమ తీసి పొడిగా చేసే పద్ధతిని కుదిర్చాడు. ఆ పొడి మన ఎండలో కూడ నెల రోజులు నిలుస్తుంది. 1962లో మన ప్రభుత్వం మశూచి నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. ఈ పొడి మందు తయారు చేసిన సంస్థలు దేశంలో నాలుగు: పట్వాడంగర్, గిండీ, బెల్గాం, నాలుగోది హైదరాబాదు నారాయణగూడలోని సంస్థ. నా చేతి మీది మచ్చలకు మందు ఎక్కడిదో నాకు తెలియదు. నారాయణగూడదే అయి ఉంటుందని అనుకోవటం నాకిష్టం.

టీకాలాయన మా వాడకు వచ్చినప్పుడు పిల్లలమందరం పత్తి బోరాల వెనుక దాక్కున్నాం. నన్ను పట్టి ఇచ్చినది మా బాపమ్మ. అదే బాపమ్మ, తల్లి పేరు తీయవద్దన్న బాపమ్మ! నన్ను తన ఒడిలోనే కూర్చోబెట్టుకుని, చేయి తానే చాపి పట్టుకున్నది. రెండు మొనల సూదితో పదిహేను పోట్లు పొడిచాడాయన. అయిన తరువాత ఆమె అతనికి మజ్జిగ పోసి, నా నొసట పసుపు పెట్టింది. ఆమె శాస్త్రానికి లొంగిందని గాని, అమ్మవారిని విడిచిందని గాని నేననను. గడప దగ్గరికి వచ్చిన మనిషి బిడ్డను లాక్కుపోవటం లేదు, తన ఒడిలోనే ఉండనిస్తున్నాడు. ఆమె చూసుకున్నది అదొకటే. 1975 మేలో దేశంలో చివరి మశూచి రోగులను గుర్తించారు. 1977లో దేశం, 1980లో ప్రపంచం మశూచి లేనివని ప్రకటించారు.

నీటి సంగతి రెండు మాటలలో చెబుతాను. మూసీ వరదల తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. వరద ఆపటానికి కట్టిన చెరువులు నగరానికి శుభ్రమైన నీరిచ్చినవి. గత్తరను నగరంలో వెనక్కు నెట్టటంలో వాటి పాలు పెద్దది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తొలగించి వీధులు వెడల్పు చేసింది. ఇళ్ళు పోయిన పేదలందరికి కొత్త ఇళ్ళు దొరికినవా అన్నది వేరే ప్రశ్న.

కథ ఇక్కడ అయిపోయిందనుకుంటే పొరపాటు. 2003 నుంచి 2006 వరకు హైదరాబాదులో కంఠసర్పి మళ్ళీ కనిపించింది. పరిశీలించినవారికి ఒక వింత తెలిసింది. రోగం పాలయినవారిలో చంటివారికంటె బడి ఈడు పిల్లలు ఎక్కువ. పసితనంలో వేసిన సూదుల బలం కొన్నేళ్ళకు తగ్గుతుంది. అయిదారేళ్ళ వయసులో మళ్ళీ ఒకటి వేయించాలి. తరువాత పదేళ్ళకు, పదహారేళ్ళకు ధనుర్వాతం, కంఠసర్పి రెంటికీ కలిపి వేస్తారు. చంటిబిడ్డను ఎత్తుకుని పోయే తల్లి, బడికి పోయే పిల్లను తీసుకుపోవటం మరచిపోతుంది. బాపమ్మ పోగొట్టుకున్న పిల్ల కూడ ఆరేళ్ళదే. 2017లో తట్టు, రుబెల్లాలకు బడులలో సూదులు వేసినప్పుడు దేశంలో కొన్నిచోట్ల చరవాణుల మీద పుకార్లు పుట్టినవి. పిల్లలను ఆ రోజు బడి మాన్పించినవారున్నారు. పత్తి బోరాల వెనుక దాక్కున్న నేను వారిని చూసి నవ్వలేను. అటువంటి చోట తల్లిదండ్రులను పిలిచి, పిల్ల పక్కన వారిని కూర్చోబెట్టి వేయించిన ఉపాధ్యాయులే పని చక్కబెట్టారు.

2020 నాటి లెక్కలలో తెలంగాణలో పుట్టిన వెయ్యిమంది శిశువులలో ఏడాది లోపల పోయినవారు 21 మంది. 200 నుంచి 21కి రావటానికి నూరేళ్ళు పట్టింది. ఆ 21 ఇళ్ళలో లెక్క చెప్పే బాపమ్మలు ఇంకా ఉన్నారు.

ఈ వసంత పంచమికి మా మనుమరాలికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం. గోదావరి స్నానం, సరస్వతీ దర్శనం, పలక మీద పసుపు బియ్యం. తిరిగి వచ్చేటప్పుడు మా కోడలు సంచిలో నుంచి టీకాల కార్డు తీసి, అయిదేళ్ళ గడిలో తేదీ ఇంకా ఖాళీగా ఉన్నదని చూపింది. భైంసాలో దిగి, ఇంటికి పోకుండా తిన్నగా ఆసుపత్రికి పోయాం. సూది వేసే నర్సమ్మ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టబోయి, ఏడుపు చూసి, "నువ్వే పట్టుకో అక్కా" అని కోడలి ఒడి చూపింది.